అరికాలిలో పెరుగుతున్న నల్ల మచ్చ: కాటరీతో తీసేయవచ్చా?

ప్రశ్న: నాకు ఖమ్మంలో బ్యూటీ పార్లర్ ఉంది. పెడిక్యూర్‌కు వచ్చే ఒకావిడకు (55 ఏళ్లు) మడమ దగ్గర నల్ల మచ్చ ఉంది. ఆరు నెలల్లో బాగా పెద్దదైంది. నొప్పి లేదు. పులిపిర్లు తీసే కాటరీతో తీసేయమంటున్నారు. తీయవచ్చా? మన రంగువారికి చర్మ క్యాన్సర్ రాదంటారు కదా?

జవాబు: తీయకండి. కాటరీయే కాదు, లేజర్, యాసిడ్ పూతలు, బ్లేడుతో గీకడం ఏదీ వద్దు. కాల్చేస్తే పైకి కనిపించే నలుపు పోతుంది, లోపలిది ఉండిపోవచ్చు. పైగా బయాప్సీకి (ముక్కను మైక్రోస్కోపు కింద చూసే పరీక్షకు) పంపడానికి ఏమీ మిగలదు. అది మెలనోమా (చర్మంలోని రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్) అయితే ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగిందో చూసే చికిత్స నిర్ణయిస్తాం.

తెల్లవారితో పోలిస్తే మనకు చర్మ క్యాన్సర్ చాలా తక్కువన్నది నిజమే. రాదన్నది మాత్రం అపోహ. ఎండ నుంచి చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కాపాడుతుంది. కానీ అరికాలు, అరచేయి, గోరు కింద వచ్చే మెలనోమాకు ఎండతో పెద్దగా సంబంధం లేదు. నల్లని, చామనఛాయ చర్మం ఉన్నవారిలో మెలనోమా ఎక్కువగా కనిపించేది అక్కడే. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి మచ్చను మొదట ఫుట్‌బాల్ దెబ్బే అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది. 1981లో, 36 ఏళ్లకే మరణించారు.

మొటిమలకు మా దగ్గరికి వచ్చేవారు చెప్పులు విప్పి అరికాలు చూపించడం అరుదు. మీరైతే వేలి సందులతో సహా చూస్తారు. పాత పాలిష్ తుడిచాక, కొత్తది వేసేముందు గోళ్లను ఒకసారి గమనించండి. చాలా గోళ్లకు సన్నని గోధుమరంగు గీతలుంటే మనవారిలో అది మామూలే. ఒకే గోటికి కొత్తగా వచ్చిన గీత వెడల్పవుతున్నా, నలుపు గోటి మొదట్లోని చర్మం మీదికి పాకినా అనుమానించాలి. దెబ్బకు గడ్డకట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది.

ముఖం మీద ఆవగింజల్లా ఉండే నల్లటి బొడిపెలు చాలావరకు ప్రమాదం లేనివే. మెరిసే అంచుతో ఉండి, మాటిమాటికీ రక్తం కారుతూ మానని బొడిపె మాత్రం డాక్టరు చూడవలసిందే. పాత కాలిన మచ్చలో మానని పుండూ అంతే.

ఆవిడతో క్యాన్సర్ అనే మాట ఎత్తకండి. అరికాలిలో నల్లగా కనిపించేది మామూలు పుట్టుమచ్చ కావచ్చు, పులిపిరిలోని రక్తపు చుక్కలూ కావచ్చు. ‘ఇది పెరిగింది, చర్మం డాక్టరుకు చూపించి రండి, అప్పటిదాకా నేను ముట్టుకోను’ అంటే చాలు. పక్కన స్కేలు పెట్టి ఆవిడ ఫోనులోనే ఫొటో తీసివ్వండి. డాక్టరు డెర్మోస్కోప్‌తో (మచ్చను పెద్దదిగా చూపే పరికరంతో) చూసి, అవసరమైతే బయాప్సీ చేస్తారు. వచ్చే పెడిక్యూర్ దాకా ఆగకుండా ఈ వారంలోనే పంపండి.

- చర్మవ్యాధి నిపుణులు