2⁶⁷−1 చివర ఎక్సెల్ పెట్టే ఆరు సున్నాలు

అడిగింది ఇదీ: విశాఖ గాజువాకలో చదివే పాప డిసెంబర్ 22 గణిత దినోత్సవానికి 2⁶⁷−1 మీద చార్టు వేస్తోంది. 193707721 × 761838257287 అని పుస్తకంలో ఉంది. ఎక్సెల్‌లో గుణిస్తే 147573952589676000000 వస్తోంది. తప్పు ఎవరిది?

పుస్తకానిది కాదండీ. ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది, ఆ తర్వాతవన్నీ సున్నాలే. 16 అంకెల కార్డు నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోయేదీ ఇందుకే. అంకెలు కొట్టకముందే సెల్‌ని టెక్స్ట్‌గా మారిస్తే అవి నిలుస్తాయి గానీ, దాంతో లెక్క చేయబోతే మళ్లీ మొదటికే వస్తుంది. అసలు 2⁶⁷ సరిసంఖ్య, ఒకటి తీస్తే బేసి రావాలి కదా. చివర సున్నా ఉందంటేనే అనుమానించాలి.

మామూలు ఫోన్ కాలిక్యులేటర్ చాలు. కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టండి: 193|707|721, 761|838|257|287. లక్షలు, కోట్ల కామాల దగ్గర విరిచారా, లెక్క మొత్తం పోతుంది. పిల్లలు ఎక్కువగా జారేది అక్కడే.

721×287 = 206927. 927 రాసి 206 మోయాలి. తర్వాత 721×257 + 707×287 = 388206; మోసిన 206 కలిపితే 388412. 412 రాసి 388 మోయాలి. మూడోది 721×838 + 707×257 + 193×287 = 841288, దానికి 388 కలిపితే 841676. ఇలాగే ఎడమకి పోతే 589, 952, చివరికి 193×761 = 146873, మోసుకొచ్చిన 700 కలిసి 147573. మొత్తం 147573952589676412927.

సరిచూడ్డానికి ద్వారకానగర్ కోచింగుల్లో చెప్పే అంకెల మొత్తం చిట్కా ఇక్కడ బలహీనం. రెండంకెలు తారుమారైనా, 0 బదులు 9 పడినా అది పట్టుకోదు. మూడంకెల ముక్కలనే కూడండి. మొదటిది 1621, అంటే 1+621 = 622. రెండోది 2143, అంటే 145. 622×145 = 90190, 90+190 = 280. జవాబు ముక్కల మొత్తం 4276, 4+276 = 280. సరిపోయింది. ఎక్సెల్ సంఖ్యకైతే 939 వస్తుంది. ముక్కలే చోటు మారితే మాత్రం ఇదీ గుడ్డిదే. దానికి కుడి నుంచి ఒక ముక్క కలిపి, పక్కది తీసే పద్ధతి ఉంది: 721−707+193 = 207, 287−257+838−761 = 107. లబ్ధం 22149, 149−22 = 127. జవాబు ముక్కల్నీ ఇలాగే చేస్తే 1128, అందులోంచి 1001 తీస్తే 127.

చార్టులో గుణకారం కంటే నాకు నచ్చే సంగతి వేరే ఉంది. 67 ప్రధాన సంఖ్య కాబట్టి 2⁶⁷−1 ప్రధాన కారణాంకాలన్నీ 134 (67కి రెట్టింపు) గుణిజానికి ఒకటి ఎక్కువే ఉండాలి, 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. 193707721 = 134×1445580 + 1, శేషం 1. రెండోదాని శేషం 7. ఇంత జల్లెడ పట్టినా చిన్న కారణాంకం దొరికేలోపు ఏడు లక్షల పైచిలుకు సంఖ్యలు మిగులుతాయి! 1644లో ఫ్రెంచి గణితజ్ఞుడు మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో వేశాడు. 1876లో లూకాస్ కాదని తేల్చాడు గానీ, కారణాంకాలు చూపలేదు. అవి 1903లో అమెరికన్ గణితజ్ఞుడు కోల్ చూపేదాకా ఆగాల్సి వచ్చింది.

జగదాంబ దగ్గర ఫ్లెక్సీ కొట్టించేట్టయితే సంఖ్యని ఎక్సెల్ నుంచి కాపీ చేసి ఇవ్వకండి, చేత్తో టైపు చేసి ముక్కల మొత్తం 4276 వస్తోందో లేదో ప్రూఫులోనే చూసుకోండి.