సీటు విజయనగరంలో, సర్టిఫికెట్లు ప్రైవేటు కాలేజీ బీరువాలో

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాను. మా పెద్దమ్మాయి ఎంపీసీ పాసయింది. ఈఏపీసెట్‌లో మంచి సీటు రాదేమోనన్న భయంతో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా కింద కంప్యూటర్స్‌లో చేర్పించాను. మొత్తం లక్షా నలభై వేలు కట్టాను. 90 వేలకు రసీదు ఇచ్చారు, 50 వేలకు తెల్ల చీటీ రాసిచ్చారు. టెన్త్, ఇంటర్ మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ అన్నీ ఒరిజినల్సే తీసుకున్నారు. క్లాసులు మొదలై పది రోజులైంది. ఇప్పుడు చివరి విడత కౌన్సెలింగ్‌లో విజయనగరం జేఎన్‌టీయూలో మెటలర్జీ సీటు వచ్చింది. సర్టిఫికెట్లు అడిగితే 'నాలుగేళ్ల ఫీజు మూడు లక్షల అరవై వేలు కట్టి పట్టుకెళ్లండి' అంటున్నారు. రిపోర్ట్ చేయడానికి నాలుగు రోజులే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: గడువు తక్కువ కాబట్టి చెప్పాల్సింది మీకు ఫోన్లో అప్పుడే చెప్పాను. ఇలాంటి ఉత్తరాలు కౌన్సెలింగ్ రోజుల్లో ఏటా వస్తాయి కాబట్టి మిగతావాళ్ల కోసం కూడా వివరంగా రాస్తున్నాను.

మీరు కాలేజీకి బాకీ ఉన్నారా లేదా అన్నది ఒక సంగతి. మీ అమ్మాయి కాగితాలు వాళ్ల దగ్గర ఉండొచ్చా అన్నది వేరే సంగతి. కౌంటర్‌లో కూర్చున్న గుమస్తా ఈ రెండింటినీ కావాలనే కలిపేస్తాడు. మీరు బాకీ ఉన్నారనే అనుకుందాం. అప్పుడైనా వాళ్లు దావా వేసి వసూలు చేసుకోవాలి తప్ప, సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. పాత బాకీ కింద ఎదుటివాడి వస్తువు అట్టేపెట్టుకునే హక్కు ఎవరెవరికి ఉందో కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ చెబుతుంది. బ్యాంకులు, సరుకు ఏజెంట్లు, రేవులో సరుకు దాచేవాళ్లు, హైకోర్టు అటార్నీలు, బీమా బ్రోకర్లు. కాలేజీ పేరు అందులో లేదు. ఆ మాటకొస్తే ఫీజు ఇవ్వలేదని క్లయింటు కేసు కట్ట మా లాయర్లు కూడా ఆపకూడదు. ఆర్.డి. సక్సేనా కేసులో 2000లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. కేసు కట్ట అమ్ముకునే సరుకు కాదు, దాని మీద అలాంటి హక్కు పుట్టదు అంది. మాకే లేని హక్కు కాలేజీ వాళ్లకు ఎక్కడినుంచి వస్తుంది?

అసలు ఒరిజినల్స్ ఉంచుకోవడమే తప్పు. చేరేటప్పుడు చూసి, సరిపోల్చుకుని, అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేయాలని, యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. మీది ఇంజనీరింగ్ కాబట్టి, సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధనలు కూడా వర్తిస్తాయి. మధ్యలో ఎప్పుడు మానేసినా, తర్వాతి సంవత్సరాల ఫీజు అడగకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. కాబట్టి ఆ మూడు లక్షల అరవై వేల లెక్క మర్చిపోయి హాయిగా నిద్రపోండి.

ఒక్క అనుమానం మాత్రం తీర్చండి. చేరిన రోజు బాండు మీద ఏమైనా సంతకం పెట్టారా? 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు, ముందుగా ఒక ఏడాది ఫీజు కంటే ఎక్కువ వసూలు చేయొద్దంటూనే, పిల్లలు మధ్యలో వెళ్లిపోతారన్న అనుమానం ఉంటే బాండో బ్యాంకు గ్యారంటీయో తీసుకోవచ్చంది. కాలేజీల లాయర్లకు ఈ రెండో మాట నోటికొచ్చు, మొదటిది గుర్తుండదు. సంతకం పెట్టి ఉన్నా కంగారు పడకండి. అప్పుడైనా వాళ్లు కోర్టుకెళ్లి తేల్చుకోవాల్సింది డబ్బు సంగతే.

ఇక నాలుగు రోజుల సంగతి. టెన్త్, ఇంటర్ మెమోలు ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పత్రాలు దాచి ఉంచే డిజిలాకర్‌లో దొరుకుతాయి. అక్కడ జారీ అయిన పత్రం ఒరిజినల్‌తో సమానమని ఐటీ చట్టం కింద 2016లో తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. స్టడీ సర్టిఫికెట్లు చదివిన బడిలో మళ్లీ రాసిస్తారు. అసలు ముడి టీసీ దగ్గరే ఉంది. అది డిజిలాకర్‌లో ఉండదు, ఇంటర్ కాలేజీ ఒకసారే ఇస్తుంది. అందుకే గడువు లోపల అమ్మాయిని తీసుకుని విజయనగరం వెళ్లి ప్రిన్సిపాల్‌ను కలవండి. టీసీ ఫలానా కాలేజీ ఇవ్వడం లేదని, అడిగిన దరఖాస్తు కాపీ ఇదేనని, వచ్చాక తెచ్చిస్తామని అండర్‌టేకింగ్ (హామీ పత్రం) రాసివ్వండి. వాళ్లు ఇలాంటివి చూసినవాళ్లే. టీసీ చేతికి రాలేదని ఇంట్లో కూర్చుంటే మాత్రం సీటు పోతుంది, తర్వాత నేను కాదు కదా ఎవరూ తేలేరు.

ఆ దరఖాస్తు ఇవాళే ఇవ్వండి. నోటిమాటగా వందసార్లు అడిగినా అడిగినట్టు కాదు. సీటు వదులుకుంటున్నాం, సర్టిఫికెట్లు, ఫీజు తిరిగి ఇవ్వండి అని అమ్మాయి పేరున, తేదీ వేసి రాయండి. కాపీ మీద ముద్ర వేయించుకోండి. వేయకపోతే అదే కాగితాన్ని రిజిస్టర్డ్ పోస్టులో, ఈమెయిల్లో పంపండి. ఏఐసీటీఈ లెక్క ప్రకారం అక్కడినుంచి 7 రోజుల్లో రెండూ తిరిగి ఇచ్చేయాలి.

ఫీజు ఎంత వెనక్కి వస్తుందో ఆశ పెట్టకుండా చెబుతాను. క్లాసులు మొదలవకముందు మానేసి ఉంటే వెయ్యి రూపాయలకు మించి కోయడానికి లేదు. మీరు పది రోజులు దాటారు. అడ్మిషన్ల చివరి తేదీలోపు ఆ సీట్లో ఇంకొకరు చేరితే ఆ వెయ్యితో పాటు చదివిన రోజులకు, హాస్టల్‌లో ఉన్న రోజులకు లెక్క కట్టి మిగతాది ఇవ్వాలి. ఎవరూ చేరకపోతే డిపాజిట్, సర్టిఫికెట్లు మాత్రమే. 'సీటు ఖాళీగానే ఉంది' అనే అంటారు. కంప్యూటర్స్ సీటు ఖాళీగా ఉందంటే నేనైతే నమ్మను, రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. (ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ కింద ఉండే బీఎస్సీ, బీకామ్ కాలేజీల పిల్లలకు లెక్క వేరు. యూజీసీ 2018 ప్రకారం చివరి తేదీ తర్వాత 15 రోజుల్లోపు మానేస్తే 80 శాతం, 30 రోజుల్లోపు అయితే సగం, ఆపైన సున్నా.)

మీరు వాట్సాప్‌లో పంపిన తెల్ల చీటీ ఫోటో చూశాను. నోట్‌బుక్కులోంచి చింపిన సగం కాగితం, పైన కాలేజీ పేరు లేదు. 'బి.ఎఫ్. 50' అని రాసి కింద ఒక గిలికిన సంతకం. బి.ఎఫ్. అంటే బిల్డింగ్ ఫండ్ అని మీకు చెప్పారట. నిర్ణయించిన ఫీజు మీద పైన వసూలు చేసేదాన్ని చట్టం క్యాపిటేషన్ ఫీజు అంటుంది. మన రాష్ట్రంలో 1983 నుంచే అది నేరం. చీటీ ఒక్కటే అయితే 'అది మా రాత కాదు' అని తప్పించుకుందురు. కానీ మీరు ఆ 50 వేలు ఫోన్‌పేలో గుమస్తా నంబరుకు పంపానన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో నా ప్రాణం లేచొచ్చింది. ఆ తేదీ బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టుకోండి. ఫిర్యాదులో ఈ సంగతి వేరే పేరాలో రాయండి, ఫీజు వాపసుతో కలిపేయకండి.

ఏడు రోజుల్లో స్పందించకపోతే ముందు కాలేజీలోని విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి, అక్కడా తేలకపోతే ఆ కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉందో అక్కడ విద్యార్థుల ఫిర్యాదులు వినే అధికారి అంబుడ్స్‌పర్సన్‌ దగ్గరికి వెళ్లాలి. చదవదలచుకోని కోర్సుకు ఫీజు రాబట్టడానికి సర్టిఫికెట్లు ఆపడం ఫిర్యాదు కిందికి వస్తుందని యూజీసీ 2023 నిబంధనల్లోనే ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని మీ బావగారు చెప్పారట. నేను వద్దంటాను. చదువు చెప్పడం వినియోగదారుల చట్టం కింద సేవ కాదని సుప్రీంకోర్టు 2010లో, 2012లో చెప్పింది. అక్కడికెళ్తే ఫీజు సంగతి కంటే ముందు ఆ వాదనతోనే ఏడాది గడిచిపోతుంది. టీసీ కోసం మరీ ఇబ్బందైతే, ఇప్పించమని నేరుగా హైకోర్టును అడిగే రిట్ పిటిషన్ ఉంది.

లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడకండి. దరఖాస్తు మీ పేరున కాకుండా అమ్మాయి పేరున పెట్టమన్నది అందుకే, ఫిర్యాదూ అలాగే పెట్టండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు ఆధార్ జిరాక్సు, రసీదు, చీటీ, దరఖాస్తు కాపీ పట్టుకెళ్లండి. కేసు వేయకముందే కాలేజీకి నోటీసు పంపి రాజీకి పిలుస్తారు. ఆ నోటీసు చూశాక మాట మెత్తబడిన కాలేజీలు నాకు తెలుసు.

మెటలర్జీ మంచిదా కంప్యూటర్సా అని చివర్లో అడిగారు. అది లాయర్ని అడిగే ప్రశ్న కాదు. విశాఖ స్టీల్ ప్లాంటు పక్కన పెట్టుకుని ఆ బ్రాంచి పనికిరాదంటే నాకు నవ్వొస్తుంది, అంతే. డబ్బు లెక్క మాత్రం చెప్పగలను. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటుకు, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకపోతే వస్తుంది. అమ్మాయికి 75 శాతం హాజరు ఉండాలి.

ఇంకొక్కటి. సర్టిఫికెట్లు చేతికిచ్చే ముందు 'స్వచ్ఛందంగా మానేస్తున్నాం, ఫీజు మాకేమీ రావలసింది లేదు' అన్న కాగితం ముందుకు తోస్తారు. టీసీ అవసరం మీది కాబట్టి సంతకం పెట్టక తప్పకపోవచ్చు. అప్పుడు సంతకం పక్కనే అమ్మాయి చేతిరాతతో 'అభ్యంతరంతో సంతకం చేస్తున్నాను' అని రాయించి, ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని బయటికి రండి.