ముందు లద్దె చూడండి, తర్వాతే కాఫీ

విజయవాడలో పెళ్లి ఊరేగింపుల కోసం మొదటిసారి గుర్రం కొన్నామని, వాటికి మామూలుగా వచ్చే జబ్బులేమిటో, రాకుండా ఏం చేయాలో చెప్పమని అడిగారు. గుంటూరులో మా నాన్న జట్కా తోలేవారు. ఇప్పుడు నా దగ్గర రెండు గుర్రాలున్నాయి. చదివింది తక్కువ, దెబ్బతిని నేర్చుకున్నదే ఎక్కువ.

అన్నిటికంటే ముందు కడుపునొప్పికి భయపడండి. గుర్రం వాంతి చేసుకోలేదు. సరిపడనిది తింటే అది కిందికి పోవాల్సిందే, పోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. నాలుగేళ్ల క్రితం మాఘమాసంలో ఒక పెళ్లి. ఊరేగింపు ముగిసి నేను భోజనానికి కూర్చుంటే, ఎవరో ప్రేమకొద్దీ మా గుర్రానికి బుట్టెడు పులిహోర, పైన లడ్డూలు పెట్టారు. తెల్లవారుజామున మూడింటికి చూస్తే ముందుకాలితో నేల గీరుతోంది, తల తిప్పి డొక్క చూసుకుంటోంది, పడుకుంటోంది, మళ్లీ లేస్తోంది. చెవి ఆనించి విన్నాను. ఎప్పుడూ గుడగుడలాడే డొక్కలో చప్పుడే లేదు.

పక్కింటి పెద్దాయన ఆముదం పట్టమన్నారు. పట్టకపోవడం మంచిదైంది. బలవంతంగా నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి మందు పంపారు, నొప్పికి ఇంజెక్షన్ చేశారు. ఉదయం తొమ్మిదింటికి నాలుగు ఉండల లద్దె పడింది. ఆ లద్దె చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత కూడా రెండు మూడు రోజులు డెక్కలు వేడెక్కుతున్నాయేమో పట్టి చూడమన్నారు. పిండిపదార్థం ఎక్కువైతే డెక్క లోపలి పొర వాచి గుర్రం జన్మకు కుంటిదవుతుందట. అప్పటినుంచి పెళ్లింట్లో అడుగు పెట్టగానే మూతికి చిక్కం కడుతున్నాను.

గడ్డే అసలు తిండి, ఉలవ గుగ్గిళ్లు, దానా పైపైన మాత్రమే, అవీ రెండు మూడు పూటలుగా. మన డెల్టాలో వరిగడ్డి, తవుడు చవక కదా అని వాటితోనే సరిపెట్టేస్తారు. నీళ్లు చాలకుండా ఎండు వరిగడ్డి మేస్తే పేగులో ఉండకడుతుంది. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి అదే పెడితే ఎముకలు గుల్లబారి మొహం ఉబ్బుతుంది. పిల్లిపెసర దొరికే రోజుల్లో కూడా ఒకేసారి మోపంతా వేయకండి, వారం పది రోజుల్లో నెమ్మదిగా అలవాటు చేయండి. నీళ్లు రోజుకు ముప్పై, నలభై లీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఉప్పుగడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

మే నెలలో పగటిపూట బయటికి తీయకండి. ఎండలో రొప్పుతూ కూడా చెమట పట్టకపోతే అది మంచి సూచన కాదు. నీడకు తెచ్చి ఒళ్లంతా తడిపి, వెంటనే డాక్టరుకు ఫోను చేయండి.

వానాకాలంలో జోరీగలు. గేదెల పాకల దగ్గర కట్టారో, ఆ ఈగలు మోసుకొచ్చే సర్రా అనే రక్తపు జబ్బు పట్టే అవకాశం పెరుగుతుంది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, తిన్నది ఒంటబట్టదు, పొట్ట కింద, కాళ్లకు నీరు దిగుతుంది. ఎండదెబ్బ అనుకుని నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. అనుమానమొస్తే రక్తపరీక్షే దారి. అందుకే థర్మామీటరు కొనిపెట్టుకోండి. తీరికగా ఉన్న గుర్రానికి 99 నుంచి 101 డిగ్రీలు, నిమిషానికి 28 నుంచి 44 గుండె కొట్టుకోవడం మామూలు.

మా నల్లరేగడి డెక్కలో ఇరుక్కుని రాయిలా బిగుస్తుంది. రోజూ డెక్క ఎత్తి గీకాలి. కుళ్లు వాసన, నల్లటి జిగురు ఉంటే కట్టేసే చోటు తడిగా ఉందని అర్థం. లాడం వేసేవారిని ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి పిలవండి. మేకు గుచ్చుకున్న గాయం చిన్నదే అనిపించినా ధనుర్వాతం టీకా విషయం మరవకండి, గుర్రానికి అది చాలా తొందరగా సోకుతుంది. పళ్లు ఏడాదికోసారి చూపించండి. నట్టల మందు డాక్టరు చెప్పినప్పుడే.

ఇంకొకటి. కొన్నప్పుడు గ్లాండర్స్ అనే అంటుజబ్బు పరీక్ష జరిగిందా? లేకపోతే ఈ వారమే రక్తం ఇవ్వండి. గన్నవరం పశువైద్య కళాశాల మీకు దగ్గరే, ఎక్కడ చేయిస్తారో అడగండి. ముక్కునుంచి జిగట చీమిడి, చర్మం మీద పుండ్లు పడే గడ్డలు దాని గుర్తులు. అది మనుషులకూ అంటుతుంది, చట్టప్రకారం అధికారులకు చెప్పి తీరాల్సిన జబ్బు. ఫలితం వచ్చేదాకా పక్కవారి గుర్రంతో ఒకే తొట్టిలో నీళ్లు తాగనివ్వకండి.