పండక్కి స్నేహితులొస్తే నేను వంటింట్లోనే!

ప్రశ్న: సంక్రాంతికి హైదరాబాదు నుంచి రెండు స్నేహితుల కుటుంబాలు మా ఇంటికొచ్చి మూడు రోజులుంటాయి. పిల్లలు నలుగురు: పది నెలల బాబు, రెండున్నరేళ్ల పాప, నాలుగేళ్లు, ఆరేళ్ల మగపిల్లలు. ఎవరొచ్చినా నేను పొయ్యి దగ్గరే ఉండిపోతాను. తీరిగ్గా నాలుగు మాటలు మాట్లాడేది వాళ్లు బయల్దేరేటప్పుడే. ఈసారైనా వాళ్లతో కూర్చోవాలని ఉంది.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పని ఎంతుందో లెక్కేసే ముందు, అది ఏ వేళకు పడుతోందో చూడండి. పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు నూనె మూకుడు పొయ్యి మీద ఉండకూడదని నియమం పెట్టుకోండి. మీకు తీరిక దొరుకుతుంది, కాలిన గాయాల భయమూ తగ్గుతుంది.

అరిసెలు, జంతికలు, చెక్కలు నాలుగైదు రోజుల ముందే డబ్బాల్లోకి ఎక్కాలి. అరిసెల పాకం పట్టాక మధ్యలో లేవడం కుదరదు కాబట్టి, ఇంటినిండా పిల్లలున్న రోజున ఆ పని పెట్టుకోవద్దు. పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. వేడి మీద మూస్తే చెమ్మ పట్టి జంతికలు మెత్తబడతాయి, అరిసెలకు బూజు వస్తుంది.

పులిహోరకు పులుసు ముందే కాచుకోండి. కిలో బియ్యానికి సుమారు 150 గ్రాముల చింతపండు. నూనె పైకి తేలేదాకా ఉడికిస్తే ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. పండగ ఉదయం అన్నం వండి, ఆరబోసి కలపడమే. పరమాన్నంలో బెల్లం మాత్రం పొయ్యి కట్టేసి, కాస్త చల్లారాక వేయండి. మరిగే పాలలో వేస్తే విరిగిపోతాయి.

ఆ రోజు వేడివేడిగా వేయాల్సింది గారెలొక్కటే. అరకిలో మినప్పప్పుకు 40 దాకా వస్తాయి, మీ మందికి చాలు. పప్పు మూడు నాలుగు గంటలు నానితే సరిపోతుంది. ముందురోజు సాయంత్రం గట్టిగా రుబ్బి, ఉప్పు వేయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పేసి ఉంచితే పిండి నీరొదిలి, గారెలు నూనె పీలుస్తాయి. అప్పటికీ జారుగా ఉంటే రెండు చెంచాల బియ్యప్పిండి కలపండి.

పిల్లలకు పన్నెండు లోపే పెట్టేయండి. పప్పు ఉడికాక కారం, పోపు పడకముందే రెండు గరిటెలు పక్కకు తీస్తే వాళ్ల వంట అయిపోయినట్టే. నెయ్యి, పెరుగు ఎలాగూ ఉంటాయి. చిన్నవాళ్లు పడుకున్నాక గారెలు వేసి, పెద్దవాళ్లంతా ఒకే పంక్తిలో కూర్చోండి. మీరు కూడా! గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి వాళ్లు వడ్డించుకుంటే మర్యాదకేం లోటు రాదు.

‘ఏమైనా చెయ్యనా?’ అని స్నేహితురాలు అడిగితే ‘వద్దు, నువ్వు కూర్చో’ అనకండి. ‘ఈ కరివేపాకు దూసిపెట్టు’ అనండి. ఆరేళ్లవాడికి గొబ్బెమ్మల మీద బంతిపూలు గుచ్చే పనివ్వండి. ఇక ఫొటోలు తీసే బాధ్యత ఒక్కరిదే. మిగతావాళ్ల ఫోన్లు బీరువాలో ఉన్నా నష్టం లేదు.

వాళ్లు రాకముందే ఇల్లు నేల మీద కూర్చుని ఒకసారి చూడండి, పిల్లల చేతికేం అందుతుందో తెలుస్తుంది. దోమల మందు సీసా, కర్పూరం, కలరా ఉండలు, అత్తగారి మాత్రలు పై అరకు చేరాలి. బకెట్లలో నీళ్లు నిలవ ఉంచొద్దు, బోర్లించండి. ఏడాది పిల్లలు మునగడానికి అడుగున కాసిని నీళ్లు చాలు. తలుపు పైఅంచు మీద మడిచిన తువ్వాలు వేస్తే అది పూర్తిగా మూసుకోదు, వేళ్లు నలగవు. పిల్లలకు మంచం బదులు నేల మీదే పరుపు వేయండి. ఎవరికి ఏ తిండి పడదో, ఎవరు ఏ వేళకు నిద్రపోతారో వాళ్ల అమ్మల్ని ముందే ఫోన్లో అడగండి.

ప్రశ్న: నలుగురికీ ఒకేసారి భోగిపళ్లు పోయవచ్చా?

జవాబు: పోయండి, కానీ అందరికీ ఒకే పళ్లెంలోవి వద్దు. రేగుపళ్లు, చిల్లర, నానబెట్టిన శనగలు మూడూ చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడేవే. పది నెలల బాబుకు విడిగా, కొంచెం బంతిరేకులు చాలు. పెద్దవాళ్లు ‘రేగుపళ్లు లేకుండా ఎలా?’ అంటే ఒక పండు తలకు తాకించి తీసేయండి.

అసలు ప్రమాదం పోసేటప్పటికంటే పోశాకే ఎక్కువ. అందరూ హారతి హడావిడిలో ఉంటారు, పాప నేల మీద రూపాయి బిళ్ల ఏరుకుంటుంది. అందుకని కింద పాత దుప్పటి పరవండి. చిల్లర లెక్కపెట్టి వేయండి. పోయడం అవగానే పిల్లల్ని ఎత్తుకుని, దుప్పటి నాలుగు కొసలూ పట్టి లేపేసి, బిళ్లలు మళ్లీ లెక్క చూడండి. సాయంత్రం ఐదింటికే ముగించండి. చీకటి పడేదాకా ఆగితే చిన్నవాళ్లు నిద్రమత్తులో ఏడుపు లంకించుకుంటారు.

ప్రశ్న: బాబుకు పండగ పూట తేనె నాకించవచ్చా?

జవాబు: వద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. అందులో ఉండగల బాక్టీరియా వాళ్ల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తుంది.

ప్రశ్న: తెల్లవారుజామున భోగిమంట దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాలా?

జవాబు: బాబుకు పొగ పడదు, ఇంట్లోనే ఉంచండి. మిగతావాళ్లకు నూలు బట్టలే వేయండి. నైలాన్ పరికిణీ అంటుకుంటే కరిగి చర్మానికి పట్టేస్తుంది. పదడుగుల దూరంలో, గాలి ఎటు నుంచి వీస్తుందో ఆ వైపు నిలబడండి. ఒక్కో పిల్లవాడి చెయ్యి ఒక్కో పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. ‘అందరూ చూస్తున్నార్లే’ అంటే ఎవరూ చూడనట్టే. ఎక్కడైనా కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పట్టండి. టూత్‌పేస్టు, సిరా, ఐసుముక్క వద్దు. బొబ్బలెక్కినా, ముఖం మీదో చేతి మీదో కాలినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.