తిరుపతి దగ్గర మామిడి తోట ఉంది, మేం ఊళ్లో ఉండం. మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగిస్తే ఏమిటి ఇబ్బంది?

కూలీల లెక్క, మందుల బిల్లు పెంచి రాయడం చిన్న బెడద. అసలు దెబ్బ చెట్టుకే. రెండేళ్ల ఒప్పందం ఉన్నవాడికి పదేళ్ల తర్వాతి కాపుతో పనేముంది? కాపు కోసం కల్టార్ (ఎదుగుదల తగ్గించి పూత తెప్పించే మందు) ఎడాపెడా పోస్తాడు. చెట్టు గుబురు అడ్డం కొలతలో మీటరుకు 3-4 మిల్లీలీటర్లు సరిపోయే మందు అది. ఏటా అంతకు మించి పడితే కణుపులు దగ్గరపడతాయి, పూత ముద్దకడుతుంది, చెట్టు నీరసిస్తుంది. తోటకు వెళ్లినప్పుడు కొత్త కొమ్మ పట్టుకుని చూడండి. జానెడు సాగాల్సింది బెత్తెడే ఉంటే అనుమానించాల్సిందే.

అమ్మకం, తాకట్టు మాటలున్న జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద సంతకం వద్దు. ఏడాది దాటే కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల పత్రం రాసుకుంటే సాగుదారుకు పంట మీదే హక్కు, భూమి మీద కాదు. అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డు), ఈసీ (భూమి మీద అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) అప్పుడప్పుడు తీసి చూసుకోండి.

‘ఎకరాకు ఏటా ఇంత గ్యారంటీ’ అన్నారా? తోతాపురి రకం మామిడి ధర గుజ్జు ఫ్యాక్టరీల కొనుగోలును బట్టి పడిలేస్తుంటుంది. ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారో అడగండి.

బోరు మోటారు, స్టార్టరు, డ్రిప్ పైపులు, చెట్ల సంఖ్య ఫొటోలతో సహా ఒప్పందానికి జతచేయండి.