మిరపలో 2,4-డి కొట్టొద్దు

ప్రశ్న: మిరప నాటి నెల రోజులైంది. నాటిన 12వ రోజున పెండిమిథాలిన్ కొట్టాను, కలుపు చావలేదు. మందు నకిలీదని అనుమానం. ఇప్పుడు తుంగ, గడ్డి, వయ్యారిభామ దట్టంగా ఉన్నాయి. డీలర్ 2,4-డి కొట్టమంటున్నారు. ఎకరాకు ఎంత వాడాలి?

జవాబు: చుక్క కూడా వద్దు. 2,4-డి వెడల్పాకు మొక్కలను చంపుతుంది. మిరపా వెడల్పాకు మొక్కే. ఈ మాట మీ డీలర్‌కు తెలియదనుకోను.

మందు నకిలీదనడానికి మీరు రాసినదాంట్లో ఆధారం లేదు. పెండిమిథాలిన్ మొలకెత్తే విత్తనాన్ని ఆపుతుంది, మొలిచిన కలుపును చంపదు. 12వ రోజుకు మీ చేలో కలుపు మొలిచేసింది. తుంగ గడ్డల నుంచి లేస్తుంది కాబట్టి దానికి ఈ మందు ఎప్పుడు కొట్టినా లెక్కలేదు. వచ్చే పంటకు 30 శాతం పెండిమిథాలిన్‌ను ఎకరాకు 1.3 లీటర్లు (నల్లరేగడి అయితే 1.6) 200 లీటర్ల నీటిలో కలిపి, నాటిన 48 గంటల్లోపు, తడి నేలపై వెనక్కి నడుస్తూ పిచికారీ చేయండి. పొడి నేలపై కొడితే ఎండకు పోతుంది.

ఇప్పటి సంగతి. ఒక్కో కలుపు మొక్క పీకి కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి. మూడు పలకలుగా తగిలితే తుంగ, గుండ్రంగా కణుపులతో ఉంటే గడ్డి. గడ్డి 2-4 ఆకుల దశలో ఉంటేనే క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం 400 మి.లీ. లేదా ప్రొపాక్విజాఫాప్ 10 శాతం 250 మి.లీ., ఏదో ఒకటి, ఎకరాకు 200 లీటర్ల నీటిలో కలిపి నేలలో తడి ఉన్నప్పుడు కొట్టండి. ముదిరిన గడ్డికి దండగ. తుంగకు, వయ్యారిభామకు ఇవి పనిచేయవు. వాటికి చాళ్ల మధ్య గుంటక తోలి, మొదళ్ల దగ్గర చేత్తో తీయించడమే దారి. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులతో పీకించండి, లేకపోతే దురదలు. తుంగకని హాలోసల్ఫ్యూరాన్ ప్యాకెట్ చూపిస్తే తీసుకోకండి, అది చెరకు, మొక్కజొన్నల మందు.

మీరు అడగకపోయినా పంపు గురించి చెప్పాలి. వరిలో 2,4-డి కొట్టిన పంపుతోనే మిరపకు పురుగుమందు కొడుతున్నారు చాలామంది. ట్యాంకు అడుగున, గొట్టంలో మిగిలిన కాస్త మందుకే మిరప ఆకులు సన్నబడి మెలితిరుగుతాయి. దాన్ని వైరస్ అనుకుని వారానికో మందు కొనిపిస్తారు, ఒక్కటీ పనిచేయదు. కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోండి. పక్క పొలంలో 2,4-డి కొడుతుంటే గాలి మీ వైపు ఉన్నప్పుడు ఆపమని అడగండి.

యూరియా కలుపు తీయించాకే వేయండి.