ఒరిజినల్ పెయింట్ సరే, కింద ఆ నల్లటి తారు సంగతేంటి?

పాత స్పోర్ట్స్ కారు రీస్టోర్ చేసేటప్పుడు పెయింటూ అండర్‌కోటింగూ (అదే, తుప్పు పట్టకుండా కారు అడుగున కొట్టే మందపాటి పూత) ఫ్యాక్టరీలో వేసినట్టే వెయ్యాలా, ఇప్పటి మెటీరియల్ వాడితే తప్పా అని కదా అడిగారు. నా మాట ముందే చెప్పేస్తానండి, పైన రంగు విషయంలో ఎంత ఛాదస్తం ఉంటే అంత మంచిది, కింద మాత్రం ఫ్యాక్టరీ వాడు చేసిందే చెయ్యాలని పట్టు పట్టొద్దు. వాడు ఆ కారు అరవై ఏళ్లు బతకాలని చెయ్యలేదు, గేటు దాటి షోరూమ్‌కి చేరితే చాలనుకున్నాడు.

నాది 1965 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, బ్రిటిష్ వాళ్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు. కొన్నప్పుడు ఎర్రగా ఉండేది (పాత స్పోర్ట్స్ కారు ఎవడి చేతిలో పడ్డా ముందు ఎరుపు కొట్టించేస్తాడు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు). అమ్మినాయన కారు కిందకి టార్చ్ కొట్టి మరీ చూపించాడు, "చూడండి సార్, ఒరిజినల్ అండర్‌కోటింగ్, ఎక్కడా చెక్కుచెదర్లేదు, తుప్పు అన్న మాటే లేదు" అని. నేనూ వంగి చూశా, నల్లగా మందంగా నిగనిగలాడుతోంది. ఇంకేం, సంబరపడిపోయి డబ్బులిచ్చేశా.

తర్వాత ఒక ఆదివారం కారుని స్టాండ్ల మీదకెక్కించి, హీట్ గన్ను, స్క్రేపరు పట్టుకుని కిందకి దూరా. ఈ పని చేసినవాళ్లకి తెలుసు, వేడి తగిలితే ఆ నల్లటిది మెత్తబడి సాగుతూ వస్తుంది, మొహం మీద పడుతుంది, జుట్టులో పడితే వారం రోజులు వదలదు. ఫ్లోర్ అంతా బానే వచ్చింది, డోరు కింద సిల్ (ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే డొల్ల రేకు దూలం) దగ్గరికొచ్చేసరికి అరచెయ్యంత పెచ్చు ఒకటి టపీమని ఊడి నా ఛాతీ మీద పడింది. తిప్పి చూస్తే లోపలి వైపు మొత్తం తుప్పే, రేకు కూడా దాంతోపాటే వచ్చేసింది. స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లిగా నొక్కా, అంతే, పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే ఆ కన్నంలోంచి బురద నీళ్లు ధార కట్టాయి, మోచేతి దాకా కారాయి. ఇన్నాళ్లూ ఆ నలుపు రేకుని కాపాడుతోందనుకుంటే, అక్కడ రేకే లేదు, నలుపే రేకు వేషం కట్టుకుని నిలబడి ఉంది.

ఎమ్‌జీబీకి విడిగా ఛాసిస్, అంటే కింద బరువు మోసే ఫ్రేము, ఉండదండి, బాడీయే ఛాసిస్. రోడ్‌స్టర్‌కి పైన రేకు టాప్ కూడా ఉండదు కాబట్టి బరువంతా మోసేది ఈ సిల్స్, బయట ఒక రేకు, మధ్యలో ఒకటి, లోపల ఒకటి, అడుగున ఇంకో రేకు పట్టీ. లోపల చేరిన నీళ్లు పోవడానికి కింద సందులు వదిలాడు ఫ్యాక్టరీ వాడు, అంతవరకు బుద్ధిగానే చేశాడు. ఎవరో మహానుభావుడు అండర్‌కోటింగ్ కొడుతూ ఆ సందుల్ని కూడా కలిపి కొట్టేశాడు. పైగా ఈ బిట్యుమెన్ (తారు) రకం ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. పైకి చూస్తే మాత్రం నున్నగానే ఉంటుంది.

ఇక ఆ "ఒరిజినల్" అన్న మాట. రేకు గట్టిగా ఉన్న చోట జాగ్రత్తగా పొర తర్వాత పొర తీసుకుంటూ పోయా. నలుపు కింద ఎరుపు. ఎరుపు కింద లేత నీలం. అంటే ఏంటి, నీలం ఫ్యాక్టరీది, ఎరుపు ఎవడో తర్వాత కొట్టించింది, ఆ నలుపు ఎరుపు కంటే కూడా తర్వాతది! ఒరిజినల్లూ లేదు పాడూ లేదు. ఇంగ్లండ్‌లో గేడన్ అనే ఊళ్లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లకి ఛాసిస్ నంబర్ పంపి డబ్బు కడితే ప్రొడక్షన్ రికార్డు చూసి సర్టిఫికెట్ ఇస్తారు, అందులో ఐరిస్ బ్లూ అని వచ్చింది. కాబట్టి కింద నల్లగా కనపడ్డ ప్రతిదాన్నీ ఫ్యాక్టరీదని దండం పెట్టకండి, చాలా కార్లకి అది డీలరో తర్వాతి ఓనరో కొట్టించిందే.

రంగు పేరు దొరికింది కదా అని పెయింట్ కలిపించుకుంటే అయిపోతుందనుకున్నా, అదో పెద్ద గొడవ. పేరుతో కలిపించిన మొదటి డబ్బా ట్యూబ్‌లైట్ కింద అచ్చు గుద్దినట్టుంది, ఎండలోకి తెస్తే ఆకుపచ్చ కొట్టింది. పాత పిగ్మెంట్లు వేరు, ఇప్పటివి వేరు, రెండూ ఒక వెలుగులో కలుస్తాయి, ఇంకో వెలుగులో విడిపోతాయి. చివరికి టెయిల్ ల్యాంప్ తీసి, దాని రబ్బరు కింద అరవై ఏళ్లుగా ఎండ మొహం చూడని నీలం ముక్కని పాలిష్ చేసి, దాని మీద స్పెక్ట్రోఫోటోమీటర్ (రంగుని కొలిచే పరికరం) పెట్టించి కలిపిస్తే అప్పుడు కుదిరింది. అయినా చిన్న రేకు ముక్క మీద కొట్టించుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూశాకే ఒప్పుకున్నా. అన్నట్టు, బ్రిటిష్ రేసింగ్ గ్రీనే (పాత బ్రిటిష్ రేసు కార్ల ముదురు ఆకుపచ్చ) కావాలి, ఎగ్జాక్ట్ షేడ్ చెప్పండి అని అడుగుతుంటారు కొందరు. బాబూ, అలాంటి ఒక్క షేడ్ లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో ఆకుపచ్చ.

పెయింట్ రకం గురించి. 1923లో అమెరికా కంపెనీ డూపాంట్ వాళ్ల డ్యూకో పెయింట్ వచ్చాక నైట్రోసెల్యులోజ్ లాకర్ (త్వరగా ఆరిపోయే రకం పెయింట్, సెల్యులోజ్ అనేది దీన్నే) చాలా ఏళ్లు రాజ్యమేలింది, దాని అందం దానిదే, కాదనను. కానీ యూరప్‌లో 2004 నాటి డైరెక్టివ్ (యూరోపియన్ యూనియన్ ఆదేశం) తర్వాత ఆ ఘాటు సాల్వెంట్ పెయింట్ల అమ్మకం మీద పరిమితులొచ్చాయి, చారిత్రక వాహనాలకి మాత్రం ప్రత్యేక లైసెన్సు మీద కొద్దిగా ఇచ్చే వెసులుబాటు ఉంచారు. నేను అంత దూరం పోలేదు, సింగిల్ స్టేజ్ టూకే కొట్టించా, అంటే గట్టిపడే మందు కలిపి కొట్టే పెయింట్, రంగూ మెరుపూ ఒకే పూతలో వచ్చేస్తాయి. రంగు మీద కొట్టే పారదర్శక పూత, క్లియర్ కోట్ మాత్రం వద్దే వద్దు, 1965 ఎమ్‌జీబీకి పైన గాజు పలక అతికించినట్టుంటుంది. ఇప్పుడు షోలకెళ్తే అన్నీ అద్దాల్లా మెరుస్తుంటాయి, కొత్తలో కూడా అవి అంత మెరవలేదండి, నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలుండేవి, డిక్కీ మూలల్లో రంగు పల్చగా ఉండేది. ఇంకోటి, టూకేలో ఐసోసయనేట్లు అని ఊపిరితిత్తులకి హాని చేసే రసాయనాలుంటాయి, మామూలు డస్ట్ మాస్క్ కట్టుకుని ఇంట్లో కొట్టే పని పెట్టుకోవద్దు, బయటి నుంచి గాలి సరఫరా ఉండే మాస్కే కావాలి.

మా పెయింటర్ (పేరెందుకులెండి) చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. ఈ కారుకి బానెట్ అల్యూమినియం, తుప్పు లేదు కదా అని పాత ఎరుపుని పూర్తిగా తియ్యకుండా దాని మీదే కొట్టేశాడు. ఆ ఎరుపు సెల్యులోజ్, కొత్త థిన్నర్ తగలగానే కిందది కరిగి పైదంతా ముడతలు పడిపోయింది, మళ్లీ మొత్తం గీకి మొదటికి. ముందే ఒక గుడ్డకి థిన్నర్ తడిపి రుద్ది చూస్తే రంగు గుడ్డకి అంటుకునేది, అరనిమిషం పని. అడిగితే "ఇరవై ఏళ్ల ఎక్స్‌పీరియన్స్ సార్" అన్నాడు.

కింద నేనేం చేశానంటే, కుళ్లిన సిల్స్ కోసేసి కొత్తవి వెల్డ్ చేయించి, శుభ్రం చేసిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ (రేకుని గట్టిగా పట్టుకునే మొదటి పూత), దాని మీద అతుకుల్లో నీళ్లు దూరకుండా సీమ్ సీలర్, చక్రాల గూళ్లలో మాత్రం రాళ్ల దెబ్బకి తట్టుకునే స్టోన్‌చిప్ పూత పల్చగా, దాని పైన బాడీ రంగు. పెయింట్ అంతా అయ్యాక సిల్స్ లోపలి డొల్లలోకి తుప్పు రాకుండా క్యావిటీ వ్యాక్స్ (మైనం). ఈ వరస తప్పకండి, వ్యాక్స్ ముందు పోస్తే వెల్డింగ్‌కి నిప్పంటుకుంటుంది, పెయింట్ కుదురుగా పట్టదు. షోలో ఒకాయన వంగి చూసి "కింద నల్లగా లేదేంటండీ, ఒరిజినల్ కాదా" అన్నాడు, డ్యాష్‌బోర్డ్ కింద ముట్టుకోకుండా వదిలేసిన పాత నీలం ముక్క చూపించి ఊరుకున్నా.

మీరు చూసే కారు కింద కూడా నలుపు నిగనిగలాడుతుంటే కొనే ముందు చిన్న తీగ ముక్క పట్టుకెళ్లి సిల్ కింద సందుల్లో గుచ్చి చూడండి, తీగ దిగకపోతే బేరం అక్కడే ఆపండి.